సంగవ్వ చదివిన బొమ్మలు

నాందేడు,
ఈశ్వర సంవత్సరం, ఆషాఢ శుద్ధ పంచమి

తమ్ముడు రామచంద్రానికి అక్క సుందరాబాయి దీవెనలు. గోదావరి తల్లి నిన్నూ మరదలినీ చల్లగా చూడాలి.

నిన్నటి పొద్దు గురించి రాస్తున్నాను. విశేషమేమీ లేదు. రోజూ వచ్చే పొద్దే.

తెల్లవారక ముందే ఘాటుకు వెళ్లి స్నానం చేసి వచ్చాను. కొత్తనీరు వచ్చింది, ఎర్రగా ఉంది. తులసి దగ్గర దీపం పెట్టాను. మీ బావ దుకాణం తాళాలు అందుకుని, చెప్పులు దొరకడం లేదని రోజూ అనే మాట అని, దొరికాక వెళ్లిపోయారు. వెంకట్రావు టోపీ సర్దుకుంటూ నాన్న వెనకాలే వెళ్లాడు. వంటింట్లో కోడలు విద్యావతి జొన్నరొట్టెలు కొడుతోంది. ఆ చప్పుడు వింటూ నేను సొరకాయ తరుగుతున్నాను. వాకిట్లో మా అత్తమ్మ అనుసూయాబాయి కాళ్లు చాపుకుని కూర్చుంది. మా వాడలో పురుళ్లన్నీ పోసే మంత్రసాని సంగవ్వ ఆమె మోకాళ్లకు నూనె రాస్తోంది.

"మెల్లగ సంగీ. అవి మోకాళ్లు, రోకండ్లు కావు," అంది అత్తమ్మ.

"నా చేతుల పుట్టినోళ్లు ఊరంత తిరుగుతున్నరు. నీ మోకాళ్లకే నొప్పయితదా పెద్దమ్మా?"

నాకు నవ్వు వచ్చింది. చూపు తప్పింది. కత్తిపీటకు వేలు తెగింది. సంగవ్వ ఉరికి వచ్చి, పొయ్యిలోంచి చిటికెడు బూడిద తీసి అద్దింది. "దీన్ని మించిన మందు లేదమ్మా," అంది. నెత్తురు ఆగింది.

రొట్టెల చప్పుడు కూడా ఆగింది. తిరిగి చూస్తే విద్యావతి నా వేలి వంకే చూస్తోంది. పెనం మీద రొట్టె మాడుతోంది.

ఆమెకు ఇప్పుడు నాలుగో నెల. నీకు ఇంతవరకు రాయలేదు, నోరు దాటితే ఏమవుతుందోనని. ఇదివరకు పుట్టిన ఇద్దరు బిడ్డలకూ బొడ్డు కోసి సంగవ్వ ఇదే బూడిద పెట్టింది. ఇద్దరూ మొదట బాగానే పాలు తాగారు. వారం తిరగక ముందే దవడలు బిగిసి, ఒళ్లు విల్లులా వంగి పోయారు. బిడ్డ నుదుట సటవాయి తల్లి రాసిన రాత అంతేనని అత్తమ్మ అంటుంది. దేవుడి రాతను నేను కాదనను. కానీ ఆ బూడిద కూడా దేవుడే పెట్టాడా అని నిన్న జపంలో మనసు అడిగింది. మాల అక్కడే ఆగిపోయింది.

నువ్వు డాక్టరువి. చెప్పు. విద్యావతిని పురిటికి నీ దగ్గరికి పంపే మాట ఎత్తాను. "రైలు కుదుపుకే పోతది. మా ఇంటి బిడ్డ మా ఇంట్లనే పుట్టాలె," అని అత్తమ్మ లేచి వెళ్లిపోయింది.

నీ అక్క

*

హైదరాబాదు,
ఆషాఢ బహుళ తదియ

అక్కా, నీ పాదాలకు నమస్కారం.

ముందు ఆ వేలు సబ్బుతో కడుగు. కడిగావా? ఇప్పుడు చదువు.

నీ జపంలో వచ్చిన ప్రశ్నకు నా పుస్తకాల్లో జవాబు ఉంది. అది ధనుర్వాతం. మట్టిలో, పేడలో, పిడకల బూడిదలో, చూరులో దోపిన కొడవలి మీద కంటికి కనిపించని విషం ఉంటుంది. కోసిన బొడ్డులోంచి అది బిడ్డ ఒంట్లోకి పోతుంది. లోపల పని మొదలుపెట్టడానికి కొన్ని రోజులు పడుతుంది. అందుకే మొదట పాలు తాగుతారు. ఒకసారి వచ్చాక నేను కూడా ఏమీ చేయలేను అక్కా. రాకుండా చేయడం మాత్రం సంగవ్వ చేతిలో పని. చేతులు సబ్బుతో కడగాలి. కత్తెర, దారం మరిగే నీళ్లలో ఉడకాలి. బొడ్డు మీద ఏమీ పెట్టకూడదు. ఉతికి ఎండలో ఆరేసిన గుడ్డ చాలు.

మీ అత్తమ్మ గారిని ఒప్పించి విద్యావతిని రైలెక్కించే శక్తి నాకు లేదు. కాబట్టి సంగవ్వకే నేర్పుదాం. ఆమెకు చదువు రాదు కదా, బొమ్మలు చూస్తుంది. ఇక్కడ శివన్న అని నాటకాలకు తెరలు గీసే మనిషి ఉన్నాడు. రాజభవనాలు గీసీ గీసీ విసిగిపోయాడట, బొడ్డు గీస్తానని సంతోషంగా ఒప్పుకున్నాడు. ఒక్కొక్క పనికి రెండు బొమ్మలు: పైన చేయకూడనిది, కింద చేయవలసినది. చేయకూడని దాని మీద అడ్డంగా రెండు గీతలు కొట్టిస్తాను, బళ్లో తప్పు లెక్క మీద పంతులు కొట్టినట్టు. పక్కన తెలుగులో, మరాఠీలో రాత. మన ఇంటికే కాదు, మా డాక్టర్ల సంఘం ఖర్చు పెట్టుకుని సరిహద్దు ఊళ్లన్నిటికీ పంచుతుంది.

విద్యావతితో చెప్పు, మామయ్య పనిలో దిగాడని.

రామచంద్రం

*

నాందేడు,
శ్రావణ శుద్ధ దశమి

తమ్ముడా,

కాగితాల కట్ట చేరింది. రంగులు బాగున్నాయి.

మీ బావ ఒకటి విప్పి, చూసి, మళ్లీ మడిచి, దుకాణంలో ఏదో పని ఉందని వెళ్లిపోయారు. "పురిటి ముచ్చట్లు కాయిదం మీద అచ్చేసిండ్రా! మీ తమ్మునికి సిగ్గు షరము లేదా?" అని అత్తమ్మ. అని, కళ్లద్దాలు తెప్పించుకుని మొత్తం చూసింది.

రాత వెంకట్రావు చదివాడు. "ప్రసవానంతరము నాభినాళమును పరిశుద్ధ శస్త్రముచే ఛేదింపవలెను" అని ఉంది. అది వినగానే అత్తమ్మ చేతులు జోడించింది. ఏ స్తోత్రమని అడిగింది.

సంగవ్వ మాత్రం పండుగ చేసుకుంది. ప్రతి బొమ్మ మీదా వేలు పెట్టి చూసింది. "అంత తెల్సిందమ్మా. మా అసొంటోళ్లకు గిట్ల చెప్పినోళ్లే లేరు," అంది. ఒక కాగితం ఇంటికి తీసుకుపోయి గోడకు అంటించుకుంది.

విద్యావతి ఇప్పుడు కాస్త తింటోంది. నిన్న నవ్వింది కూడా. నీ పేరు చెప్పి తులసికి ప్రదక్షిణ చేశాను.

నీ అక్క

*

హైదరాబాదు,
శ్రావణ బహుళ విదియ

అక్కా,

"అంత తెల్సిందమ్మా" అన్న మాట సంఘంలో అందరికీ చదివి వినిపించాను. పెద్ద డాక్టరు గారు లేచి నా వీపు తట్టారు. శివన్న ఆ మాట రాయించుకుని వాళ్లావిడకు చూపించాడట. కాగితాలు కట్టలు కట్టలుగా దెగ్లూరుకూ మర్ఖేలుకూ టీకాల మనిషి వెంట వెళ్లిపోయాయి. బాబ్లీకి కూడా పంపుతున్నాం.

నీ తమ్ముడు ఒక మంచి పని చేశాడక్కా. చిన్నప్పుడు నేను పలక పగలగొడితే నువ్వు నాన్నకు చెప్పకుండా దాచేదానివి. ఇది మాత్రం దాచకు, ఊరంతా చెప్పు.

రామచంద్రం

*

నాందేడు,
భాద్రపద శుద్ధ నవమి

తమ్ముడా,

ఈ ఉత్తరం నింపాదిగా చదువు. ముందు మంచినీళ్లు తాగు.

మంగళవారాలు మధ్యాహ్నం నేను ఆడవాళ్లకు పురాణం చదువుతాను కదా. చదివాక ఎవరో ఒకరితో ఆ కథ చెప్పించుకోవడం నా అలవాటు. విన్నామని తల ఊపడం వేరు, చెప్పడం వేరు. మొన్న చదవడం అయిపోయాక సంగవ్వ ముందు నీ కాగితం పరిచాను. ఈ కథ చెప్పమన్నాను.

"గింతేనా! ఇగో, పైన గీమె చూర్ల నుంచి కొడవలి గుంజింది. గట్లనే బొడ్డు కోస్తున్నది. ఇగో బూడిద, పేడ పెడుతున్నది. అన్ని మంచిగ చేసింది. అందుకే గీతలు పెట్టి కాపాడిండ్రు. కింద గీమె నీళ్లు కాగవెడుతున్నది. ఈమెకు గీతలు లెవ్వు పాపం. ఎవల దిష్టి తగులుతదో ఏమో."

"గీతలు ఉన్నది మంచిదా సంగవ్వా?"

"గట్లడుగుతవేందమ్మా! పుట్టిన బిడ్డ పాదాలకు జీడిగింజతోని గిట్లనే రెండు గీతలు పెట్టమా? గీతలు లేని బిడ్డను వాకిట్లకు తెస్తమా?"

చుట్టూ కూర్చున్న ఆడవాళ్లందరూ అవునన్నారు. అత్తమ్మ అందరికన్నా గట్టిగా అంది. "మీ తమ్ముడు డాక్టరైనంక కూడ మన పద్ధతి మరువలేదనుకున్న. బూడిదే పెట్టుమన్నడు గదా!"

వాళ్లు నీ బొమ్మలను తలకిందులుగా చదివారు తమ్ముడా. చేయవద్దన్నవన్నీ చేయమన్నట్టు.

విద్యావతి మరాఠీ బడిలో చదువుకుంది. ఆమెకు ఆ గీతలు తప్పు గుర్తులుగానే తెలుసు. అందరికీ అలాగే తెలుస్తాయనుకుంది. గుమ్మం పట్టుకుని నిలబడి, నా వైపు చూసి, "అత్తమ్మా, సంగవ్వ బడికి పోలే గదా, పంతులు గీత ఆమెకు ఎట్ల తెలుస్తది?" అంది. నేను కూడా ఎందరో బిడ్డల పాదాలకు జీడి గీతలు పెట్టినదాన్నే. కాగితం చూసినప్పుడు నాకూ తట్టలేదు.

మిగతా ఊళ్లకు పంపడం ఆపించు. పంపినవి తెప్పించు.

నీ అక్క

*

హైదరాబాదు,
భాద్రపద బహుళ పాడ్యమి

అక్కకు నమస్కారం.

ఉత్తరం అందింది. తప్పు గుర్తు లోకమంతటా తెలిసినదే. సంగవ్వ ఒక్కతికి తెలియనంత మాత్రాన కాగితం చెడ్డది కాదు. ఒకసారి విడమరచి చెబితే నేర్చుకుంటుంది. సంఘం పెద్దలు మెచ్చిన పనిని వెనక్కి తీసుకోవడం మాటలు కాదు. ఇక్కడ రోగుల రద్దీ ఎక్కువగా ఉంది.

రామచంద్రం

*

నాందేడు,
భాద్రపద బహుళ అష్టమి

తమ్ముడా,

సంగవ్వకు చెప్పాను. నేర్చుకుంది. పక్కన నేను ఉన్నాను కాబట్టి.

మర్ఖేలులో కాగితం పక్కన ఎవరు ఉన్నారు?

నీకు కోపం వచ్చినప్పుడు అక్షరాలు చిన్నవవుతాయి. చిన్నప్పటి నుంచీ అంతే. నాకు కళ్లు ఆనడం లేదు. కాస్త పెద్దగా రాయి.

పితృపక్షం. అమ్మానాన్నల పేరు మీద కాకులకు అన్నం పెట్టాను. నీ తరఫున కూడా.

నీ అక్క

*

దెగ్లూరు,
ఆశ్వయుజ శుద్ధ షష్ఠి

అక్కా,

పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. కోపంతో కాదు, సెలవు పెట్టి ఇక్కడికి వచ్చి రాస్తున్నాను. నీ ఉత్తరంలో ఆ ఒక్క ప్రశ్న నన్ను రైలెక్కించింది.

నీ పద్ధతే పట్టాను. ఊరూరా మంత్రసానుల ముందు కాగితం పరిచి, కథ చెప్పమన్నాను. అడిగిన వాళ్లందరూ సంగవ్వ చెప్పిన కథే చెప్పారు. ఒక ముసలమ్మ కాగితాన్ని తలుపుకు అంటించి పసుపు కూడా పూసింది. నన్ను చాప వేసి కూర్చోబెట్టి అంది: "సారూ, ఇదివరకు బూడిద పెట్టాల్నా పేడ పెట్టాల్నా అని నాకు ఎటూ తోచకపోయేది. ఇప్పుడు మీరు చెప్పినట్టే రెండూ పెడుతున్న."

ఈ నెలలో ఆమె పురుడు పోసిన ఇల్లు చూపించమన్నాను. చూపించింది. ఆ ఇంటి సంగతి రాయను అక్కా. ఉయ్యాల విప్పి దూలం మీద పెట్టేశారు. ఆ తల్లి నన్ను ఎవరని కూడా అడగలేదు.

నేను కాగితం పంపకపోయినా అక్కడ బూడిదే పెట్టేవాళ్లని నాకు నేను చెప్పుకుంటున్నాను. అది నిజమే. అయినా అన్నం సహించడం లేదు.

కాగితాలన్నీ నేనే తిరిగి పోగు చేస్తున్నాను. సంఘానికి ఉత్తరం రాశాను. పెద్ద డాక్టరు గారికి నచ్చలేదు, సరే. కొత్తది మళ్లీ గీయిస్తాను. అందులో గీతలు ఉండవు. చేయకూడనిది అసలు గీయం. చేయవలసిందే ఉంటుంది. అచ్చుకు ఇచ్చే ముందు చిత్తు బొమ్మలు నీకు పంపుతాను. సంగవ్వతో చెప్పించు. ఆమె సరిగ్గా చెప్పేదాకా అచ్చు వేయను.

రామచంద్రం

*

నాందేడు,
కార్తీక శుద్ధ ద్వాదశి

తమ్ముడా,

ఆ తల్లి పేరు నువ్వు రాయలేదు. దీపం దగ్గర పేరు లేకుండానే తలచుకున్నాను. దేవుడికి తెలుసు.

నువ్వు సరిగా తినడం లేదని మరదలు కార్డు రాసింది. తిను. అది అక్క మాట.

చిత్తు బొమ్మలు వచ్చాయి. సంగవ్వ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, నొచ్చుకోకు.

చేతులు కడిగే బొమ్మ: "అయ్యో, చేతులు ఎవలు నరికిండ్రు?" శివన్న మణికట్టు దాకానే గీశాడు కదా. మనిషిని మొత్తం గీయాలి. బొట్టు, గాజులు ఉండాలంది అత్తమ్మ. లేకపోతే మంచి పనికి ఆ బొమ్మ చూడరట.

నీళ్లు కాచే బొమ్మ: "కత్తెర కూర వండుతున్నరా?" గిన్నెలోంచి కత్తెరను తీస్తున్నట్టు, పక్కనే పురిటి మంచం ఉన్నట్టు గీస్తే తెలుస్తుందేమో.

బిడ్డ బొమ్మ చూసి నేను కూడా నవ్వు ఆపుకోలేకపోయాను. ఉంగరాల జుట్టు, బుగ్గలు, చేతికి కడియం. "గీ పిల్లగాడు వెన్న దొంగలిస్తడు గని, గిప్పుడే పుట్టినోడు కాడు," అని సంగవ్వ. అత్తమ్మ అయితే అరటిపండు నైవేద్యం పెడదామంది. నాటకాల కృష్ణుణ్ణి గీసిన చెయ్యి కదా. పుట్టిన బిడ్డ అలా ఉండదని, బొడ్డుకు తాడు ఉంటుందని శివన్నకు చెప్పు.

రాతలు విద్యావతి మార్చింది. నాభినాళం, ఛేదింపవలెను తీసేసింది. "చేతులు సబ్బుతోని కడుగు. కత్తెర, దారం నీళ్లల్ల మసులవెట్టు. బొడ్డు మీద ఏమి పెట్టొద్దు." ఇంతే. మరాఠీలోనూ ఇలాగే. బొమ్మ కింద కాదు, బొమ్మ పక్కనే ఉంచమంటోంది. ఇంట్లో చదువు వచ్చినవాళ్లు ఒకరు చదువుతుంటే మంత్రసాని బొమ్మ మీద వేలు పెట్టుకుంటుంది. వెంకట్రావు చదవగా అలా చేసి చూశాం. సంగవ్వ వేలు ఎక్కడా తప్పలేదు.

విద్యావతి ఈ పని మీద ఉన్నప్పుడు భయపడదు. మిగతా వేళల్లో భయపడుతుంది. రాత్రి నేను పక్కనే పడుకుంటున్నాను.

నీ అక్క

*

హైదరాబాదు,
మార్గశిర శుద్ధ చవితి

అక్కా,

కొత్త కాగితం నమూనా ఒక్కటి ముందుగా పంపుతున్నాను. వెంట ఒక కత్తెర, దారం, సబ్బు. కత్తెర నాదే. విద్యావతికి నెలలు నిండాయి. నాకు ఇక్కడ కాలు నిలవడం లేదు. నేను వచ్చి వాకిట్లో కూర్చుంటే మీ అత్తమ్మ గారికి ఇబ్బంది, మంత్రసానికి ఇబ్బంది. అయినా కబురు చేస్తే వచ్చేస్తాను.

నమూనాలో బిడ్డ ఉండవలసిన చోటు ఖాళీగా ఉంది. శివన్న ఎంత గీసినా కృష్ణుడే వస్తున్నాడు. పుట్టి కొన్ని రోజులైన బిడ్డను ఎదురుగా పెట్టుకుని గీస్తే తప్ప రాదంటున్నాడు. నేను అడిగిన ఏ తల్లీ ఒప్పుకోలేదు. పురిటి బిడ్డ బొమ్మ గీయిస్తే ఆయుష్షు తగ్గుతుందని. వాళ్లను ఏమనగలను?

ఇంకో మాట అడగాలని ఉంది. ఇప్పుడు అడగను. అంతా క్షేమంగా జరిగాక, నీకు తోస్తే, నువ్వే పెద్దవాళ్ల దగ్గర ఎత్తు. కాదంటే కాదు. నీ మీద ఒట్టు, మనసులో పెట్టుకోను.

రామచంద్రం

*

నాందేడు,
పుష్య శుద్ధ పాడ్యమి

తమ్ముడా,

ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. ఆ మాట కార్డు మీద ముందే రాశాను, చేరి ఉంటుంది. మిగతాది ఇప్పుడు రాస్తున్నాను. ఇన్ని రోజులూ రాయడానికి ధైర్యం చాలలేదు.

నొప్పులు పొద్దున రొట్టెల వేళకు మొదలయ్యాయి. ఎండ వాకిట్లోకి వచ్చేసరికి పాప పుట్టింది. కాగితాన్ని గోడకు ఆనించాం. నేను చదివాను. సంగవ్వ మోచేతుల దాకా సబ్బు పెట్టి కడుక్కుంది. కత్తెరను నీళ్లలోంచి తీసి, చల్లారేదాకా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. నన్ను కూడా. "అమ్మా, నీ చేతులు కడగలేదు, దూరం ఉండు," అంది.

బొడ్డు కోసి దారం కట్టాక అత్తమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. గుప్పిట్లో బూడిద. కాగితంలో చివరి మాట నేను ఇంకా చదవలేదు. ఆమె చెడ్డది కాదు తమ్ముడా. తన కడుపున పుట్టిన వాళ్లకూ అదే పెట్టారు, మీ బావ బతికారు. అదే ఆమెకు తెలిసిన రక్ష.

"సంగీ, గింత పెట్టు. ఊరికే ఉంచుతరా?"

సంగవ్వ కాగితం వైపు చూసింది. అన్ని బొమ్మలూ మళ్లీ చూసింది. "పెద్దమ్మా, గిండ్ల బూడిద లేదు."

"లేకుంటేంది?"

"లేదంటే వద్దన్నట్టు. ఉంటే పెట్టకపోదునా? నీ మాట నేనెన్నడన్న తీసేసిన్నా?"

విద్యావతి మంచం మీద నుంచి అత్తమ్మ వంక చూసింది, అంతే. అత్తమ్మ పెరట్లోకి వెళ్లి చేయి దులుపుకుంది. తర్వాత, ఎవరూ చెప్పకుండానే, సబ్బు ఎక్కడుందని అడిగింది.

ఆ తర్వాతి రోజులు నేను ఎలా గడిపానో రాయను. పాపకు పాలు పట్టినప్పుడల్లా దవడ వంక చూసేవాళ్లం. ఒకరు చూస్తున్నట్టు ఇంకొకరికి తెలియకుండా. వెంకట్రావు దుకాణం నుంచి ఏదో మరచిపోయానని రోజుకు ఎన్నోసార్లు వచ్చేవాడు. బొడ్డు ఎండి రాలింది. ఏ రోజున ఆ ఇద్దరూ పోయారో, ఆ రోజులు దాటాయి. పాప ఆకలికి వాడంతా వినబడేలా ఏడుస్తోంది. అత్తమ్మ తప్ప ఎవరు ఎత్తుకున్నా ఆగదు.

ఇవాళ ఉయ్యాలలో వేసి లీల అని పేరు పెట్టాం. వచ్చినవాళ్లు భోంచేసి వెళ్లాక, దీపాలు పెట్టి, నీ ఉత్తరం అందరి ముందూ చదివాను. నువ్వు అడగలేకపోయిన మాట నేనే అడిగాను. లీలను ఎదురుగా పెట్టుకుని శివన్న బొమ్మ గీయవచ్చా అని.

మీ బావ గడ్డం రుద్దుకున్నారు. "ఇద్దరు పోయినంక దక్కిన పిల్ల," అన్నారు చివరికి. నేను కూడా మనసులో అదే అనుకున్నాను, నీ దగ్గర దాచను. వెంకట్రావు మెల్లగా, "ముఖం వద్దు నాన్నా. కడుపు మటుకు గీసుకొమ్మందాం," అన్నాడు.

"ముఖం లేకుంటే సంగవ్వ తల ఎవలు నరికిండ్రని అడుగుతది," అంది విద్యావతి. పాపను గట్టిగా పట్టుకునే అంది. "మామయ్య ఒక ఇంట్ల ఉయ్యాల విప్పిండ్రని రాసిండు. ఆ కాయిదం నాకు అత్తమ్మ చదివి వినిపించలే. నేనే తీసి చదివిన. ఆమెది కూడ నా అసొంటి కడుపే గదా." తర్వాత మా అత్తమ్మ వైపు తిరిగింది. "మీరు వద్దంటే వద్దు అవ్వా."

అత్తమ్మ మునిమనుమరాలి కోసం చేతులు చాచింది. ఒళ్లోకి తీసుకుని, బట్ట కప్పి, చాలాసేపు ముఖం చూసింది.

ఈ సాయంత్రం ఇంట్లో నిర్ణయించింది ఇది. శివన్న రావచ్చు. పగటి పూట రావాలి, కాళ్లూ చేతులూ సబ్బుతో కడుక్కుని లోపలికి రావాలి. లీలను ముఖంతో సహా ఉన్నది ఉన్నట్టు గీయవచ్చు. ఉయ్యాలలో కాదు, చాప మీద కాదు, అత్తమ్మ ఒళ్లో పెట్టుకుని ఉండగా గీయాలి. బొమ్మలో అత్తమ్మ కూడా ఉండాలి, పిల్ల మీదికి వంగి. ఎందుకని మీ బావ అడిగితే, "దిష్టి వచ్చేటిది ముందుగాల నన్ను దాటి పోవాలె గదా," అంది.

నీ అక్క